మెత్తబడేది ఇనుము కాదు

"కమాన్లు చచ్చిపోయాయి సార్. కొత్త సెట్టు వేసేద్దాం. పనిలో పనిగా ఒక పట్టీ ఎక్కువ వేస్తా, బండి లేచి నిలబడుద్ది."

పాత డీజిల్ కారుని ఆటోనగర్‌లో ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా ఈ మాట వినపడుతుంది. వెనక భాగం దిగిపోయింది, గతుకులో పడితే దడదడమంటోంది, మలుపులో బాడీ ఒక పక్కకి ఒరుగుతోంది. యజమానికి కూడా ఆ మాట నచ్చుతుంది. కొత్త కమాన్లయితే, అంటే పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులయితే, కంటికి కనపడతాయి, పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, వాడకంతో స్ప్రింగు మెత్తబడుతుందన్న నమ్మకమే తప్పు.

ఉక్కు ఎంత బిర్రుగా ఉంటుందన్నది దానిలోని పరమాణువుల మధ్య బంధాలు తేల్చే విషయం. భౌతికశాస్త్రంలో దీన్ని యంగ్ గుణకంతో కొలుస్తారు. ఉక్కుకి అది దాదాపు 200 గిగాపాస్కళ్ళు. మేకుకీ అంతే, నీళ్ళు పట్టి గట్టిపరిచిన కమాను పట్టీకీ దాదాపు అంతే. వయసుతో అది తగ్గదు. ఏళ్ళ తరబడి బరువు మోసిన కమాను పోగొట్టుకునేది తన వంపుని. కొంచెం కుంగి అక్కడే ఉండిపోతుంది. దాని మీద అదనంగా వంద కిలోలు పెట్టి చూడండి, కొత్తది ఎంత దిగుతుందో పాతదీ అంతే దిగుతుంది. పట్టీ విరిగినా, తుప్పు తిని పల్చబడినా లెక్క మారుతుంది గానీ, అది వేరే జబ్బు.

అసలు ముసలితనం వచ్చేది ఉక్కు చుట్టూ ఉన్న సామాన్లకి. రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లలో ఆయిలు, పిన్నుల్లో గ్రీసు, ఇంజన్ మౌంటింగులు. వీటిలో చాలావరకు చవకవే, కంటికి ఆనవు కూడా. పాత బండికి రిపేరు పట్టిక రాసుకునేటప్పుడు మొదటి పేజీ వీటిది కావాలి. అప్‌గ్రేడ్ అనే మాట ఆ తరవాతే.

ఉదాహరణకి డీజిల్ అంబాసిడర్‌ని తీసుకుందాం. ఇంగ్లండ్‌ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని నమూనాగా పెట్టుకుని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014 మే వరకు తయారుచేసిన కారది. 1980 దరిదాపుల్లో దానికి 1489 సీసీ డీజిల్ ఇంజన్ వచ్చింది. బలం నలభై గుర్రాల లోపే. తరవాతి కాలంలో 1995 సీసీ ఇసుజు డీజిల్ కూడా పెట్టారు. ఇంజన్లు ఎన్ని మారినా కింది అమరిక మాత్రం పెద్దగా మారలేదు. ముందు టార్షన్ బార్లు, వెనక రెండు కమాను కట్టల మీద కూర్చున్న నిండు ఇరుసు. వెనక కమాన్లున్న ఏ డీజిల్ బండికైనా, బొలెరో లాంటి వాటికి కూడా, ఇక్కడ చెప్పేదాంట్లో సగం వర్తిస్తుంది.

సస్పెన్షన్ మాట ఎత్తి ఇంజన్ దగ్గర మొదలుపెట్టడం విడ్డూరంగా ఉండొచ్చు. కానీ డీజిలు కారుతున్న బండికి కొత్త బుష్‌లు వేస్తే ఆ డబ్బు కాలవలో పోసినట్టే. సహజ రబ్బరుకి పెట్రోలియం నూనెలు పడవు. డీజిలు గానీ ఇంజనాయిలు గానీ తగిలితే రబ్బరులోని పొడుగాటి అణు గొలుసుల మధ్యకి చొరబడి వాటిని ఎడం చేస్తాయి. రబ్బరు ఉబ్బుతుంది, జిగురుగా మారుతుంది, వేలితో రాస్తే నల్లగా అంటుకుంటుంది. నూనె తగలని చోట దీనికి తలకిందులుగా జరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఇంజన్ వేడి కలిసి రబ్బరుని గట్టిపరిచి పగలగొడతాయి. ఒకే బండిలో ఎడమ మౌంటింగు జావలాగా, కుడి మౌంటింగు రాయిలాగా ఉండటం మామూలే. కాబట్టి మొదటి పని లీకులు పట్టడం. పంపు, నాజిళ్ళ మీంచి వెనక్కి పోయే సన్నపైపులు, నాజిళ్ళ అడుగున రాగి వాషర్లు, ట్యాపెట్ కవర్ ప్యాకింగు, ఇవీ చూడాల్సిన చోట్లు. పైన కారింది కింద ఎవరి నెత్తిన పడుతోందో కూడా టార్చిలైటు వేసి చూసుకోవాలి.

ఈమధ్య పాత పంపులు కారడానికి ఇంకో కారణం తోడయింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే. అందులో గంధకం పది లక్షల పాళ్ళకి పది పాళ్ళు మించకూడదు. గంధకం తీసే శుద్ధిలో ఇంధనంలోని ఆరోమాటిక్ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత పంపుల్లోని నైట్రైల్ రబ్బరు రింగులు ఏళ్ళ తరబడి ఆ పదార్థాలని పీల్చుకుని, ఉబ్బి, బిగుసుకుని కూర్చున్నవి. పీల్చుకోవడానికి అవి తక్కువైతే రింగు కాస్త ముడుచుకుంటుంది, సందు పడుతుంది. పంపు విప్పించే పని ఎలాగూ పడితే, సీళ్ళు వైటాన్ రకానివి వేయమని అడగడం మంచిది. తేడా కొద్ది రూపాయలే.

ఇంజన్ లోపలి ఆరోగ్యం తేల్చుకోవడం రెండో మెట్టు. డీజిల్ ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని ఇరవయ్యో వంతుకి నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది, అందులోకి చిమ్మిన డీజిలు దానంతటదే అంటుకుంటుంది. రింగులు అరిగి గాలి పక్కనించి జారిపోతే నొక్కుడు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా తెల్లపొగే వస్తుంది. ఆ తరం కార్ల డీజిల్ ఇంజన్లలో చాలావాటికి ఇంధనం మండేది పిస్టన్ మీద కాదు, హెడ్డులో చెక్కిన చిన్న గదిలో. ఆ గది గోడలు వేడిని లాగేస్తాయి. అందుకే వాటికి హీటర్ ప్లగ్గులు తప్పనిసరి. కాబట్టి ముందు హీటర్ ప్లగ్గులు చెక్ చేయించి, ఆ తరవాత కంప్రెషన్ పట్టించాలి. బాగున్న ఇంజన్‌లో 400 పీఎస్ఐ దరిదాపుల్లో చూపిస్తుంది. అయినా అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ సమానంగా కొంచెం తగ్గితే ఇంకొన్నాళ్ళు నడుస్తుంది. మూడు బాగుండి ఒకటి పడిపోతే వాల్వుదో, గ్యాస్కెట్‌దో గొడవ.

మెకానిక్కులు ఇంత యంత్రం లేకుండానే చేసే పరీక్ష ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూస్తారు. బుసబుసమని పొగ తన్నుకొస్తే 'బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది' అంటారు. పేరు ఎలా ఉన్నా విషయం సరైనదే: పిస్టన్ పక్కనించి జారిన వాయువు కిందకి దిగి, పైకి తోవ వెతుక్కుంటోంది. దీనికి నీలిపొగ కూడా తోడైతే ఇంజన్ బోరుకి వచ్చినట్టే. నల్లపొగకి మాత్రం భయపడక్కర్లేదు. అది చాలాసార్లు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, లేదంటే నాజిలు. నాజిల్‌ని టెస్టర్ మీద పెట్టి చేత్తో పంపు కొట్టేటప్పుడు దగ్గరుండి చూడండి. 120, 130 బార్ల దగ్గర కిర్రుమని చప్పుడు చేస్తూ పొగమంచులా విడవాలి. ముక్కు చివర బొట్టు వేలాడితే అది మార్చాల్సిందే.

ఈ పరీక్షలన్నీ ముందే ఎందుకంటే, ఇంజన్ దించాల్సిన పరిస్థితి ఉంటే మిగతా పట్టికంతా మారిపోతుంది. ఇంజన్ బయటికి వచ్చిన రోజున మౌంటింగులు, ముందు క్రాస్ మెంబరు, స్టీరింగ్ బాక్సు చేతికందుతాయి. వాటికి విడిగా కూలీ ఇవ్వక్కర్లేదు. ముందు సస్పెన్షన్ చేయించి ఆర్నెల్లకి ఇంజన్ దించితే అదే బోల్టుకి రెండుసార్లు డబ్బు కట్టినట్టు.

ఇంకో మాట. సస్పెన్షన్ చప్పుడనుకునేది చాలాసార్లు ఇంజన్ చప్పుడే. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు అదురుతుంది. నిమిషానికి 700 చుట్ల ఐడిలింగ్‌లో అది సెకనుకి 23 సార్లు. మౌంటింగ్ రబ్బరు బాగుంటే అందులో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. పోతే డ్యాష్‌బోర్డు దాకా వచ్చి గలగలలాడిస్తుంది. కమాన్ల మీద నిందపడేది అప్పుడే.

బ్రేకులు, స్టీరింగ్ గురించి వాదన లేదు. అవి ఇంజన్‌కన్నా ముందు. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపాలి. ఆట ఆగిపోతే అరిగింది చక్రం బేరింగు. ఆగకపోతే పిన్నో, ట్రనియనో, బుష్షో. పక్కలకి ఊపితే కనపడే ఆట టై రాడ్ ఎండ్లది. అయిదు నిమిషాల పని, వేలల్లో ఖర్చు తప్పిస్తుంది.

ఇక సస్పెన్షన్. ఏదైనా కొనేముందు టేపు పట్టుకుని చదునైన నేల మీద, నాలుగు టైర్లలో సరిగ్గా గాలి పట్టించి, ఒక్కో చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోవాలి. కుడి ఎడమలకి తేడా ఉందా? ముందు దిగిందా, వెనకా? అంబాసిడర్ ముందు భాగం దిగితే టార్షన్ బార్ మార్చనక్కర్లేదు. ఒక కొన కదలకుండా బిగించి, రెండో కొన చక్రపు చేతితో పాటు మెలితిరిగే ఉక్కు కడ్డీ అది. బిగింపు కొనని కొంచెం తిప్పి పెడితే ఎత్తు తిరిగొస్తుంది. ముందే అనుకున్నట్టు కడ్డీ బిర్రు ఎక్కడికీ పోలేదు. "లావు బారు వేస్తే గట్టిగా ఉంటుంది" అనేవాళ్ళకి ఒక లెక్క చెప్పాలి: కడ్డీ బిర్రు దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పది శాతం లావు చేస్తే బిర్రు 46 శాతం పెరుగుతుంది. పదికి పదే అనుకుంటాం, వచ్చేది దాదాపు ఒకటిన్నర రెట్ల గట్టితనం.

ఆ గట్టితనం ఒంటికి ఎలా తెలుస్తుందన్నది అసలు విషయం. స్ప్రింగు మీద కూర్చున్న బండికి సొంతంగా ఒక ఊపు ఉంటుంది. స్ప్రింగు తన మీది బరువుకి ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూసి, దాని వర్గమూలంతో 5ని భాగిస్తే సెకనుకి ఎన్ని ఊపులో వస్తుంది. 25 సెంటీమీటర్లు దిగితే సెకనుకి ఒకటి. ఆరు సెంటీమీటర్లే దిగితే రెండు. నడిచేటప్పుడు మన ఒళ్ళు సెకనుకి ఒకటీ రెండుసార్ల మధ్య పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఆ పరిధి మనకి అలవాటు. సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది ఊపుల దగ్గర కడుపులోని అవయవాలు, వెన్ను బాగా అదురుతాయి. అక్కడే ఎక్కువ బాధ. మరీ నెమ్మదిగా, సెకనుకి సగం ఊపు కన్నా తక్కువైతే వాంతి వస్తుంది. పడవలో జరిగేది అదే.

1930లలో అమెరికాలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు ఈ ఊపుల మీద పనిచేసి ఒక సంగతి తేల్చాడు. ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా కాస్త మెత్తగా ఉండాలి. గతుకు మొదట ముందు చక్రాలకి తగులుతుంది. అంబాసిడర్ చక్రాల మధ్య దూరం 2.46 మీటర్లు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రాలకి అదే గతుకు తగిలేది 0.18 సెకన్ల తరవాత. ఆలస్యంగా మొదలైన వెనక ఊపు కొంచెం వడిగా ఉంటే ముందు ఊపుని అందుకుంటుంది. రెండూ కలిసి పైకీ కిందకీ వెళతాయి, తల ముందుకీ వెనక్కీ తూగదు. ముందు మాత్రమే లావు బార్లు వేయించిన కారులో ఈ లెక్క తప్పుతుంది. రోడ్డెలా ఉన్నా తల ఊపుతూనే ఉండాలి.

వెనక ఒక పట్టీ ఎక్కువ వేయించడం మనదగ్గర మరీ ఎక్కువ. ఆరు పట్టీల కట్టకి అలాంటిదే ఏడోది చేరిస్తే బిర్రు ఆరో వంతు పెరుగుతుంది. అయిదుగురు, డిక్కీ నిండా సామాను, పైన క్యారియరు మీద బియ్యం బస్తాలు ఉన్న టాక్సీకి అది సబబే. ఇద్దరు తిరిగే ఇంటికారుకి అది శిక్ష. పైగా గట్టిపడ్డ స్ప్రింగుని అదుపు చేయాలంటే షాక్ అబ్జార్బరు కూడా ఆ మేరకి గట్టిది కావాలి. పాత షాకులే ఉంచి పట్టీ మాత్రం పెంచితే గతుకు దాటాక వెనక భాగం ఎగురుతూనే ఉంటుంది. ఇక ఎత్తు కోసం ఇరుసుకీ కమానుకీ మధ్య దిమ్మలు పెట్టించేవాళ్ళున్నారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం ఎక్కువయ్యే కొద్దీ దాని క్రాసు జాయింటు ఒకే వేగంతో తిరగడం మానేస్తుంది. పది డిగ్రీల దగ్గర ప్రతి చుట్టులోనూ రెండుసార్లు దాదాపు ఒకటిన్నర శాతం ముందుకీ వెనక్కీ వేగం మారుతుంది. అడుగున అదురు వస్తుంది, క్రాసులు తొందరగా పోతాయి.

కమానుకి నిజంగా చేయించాల్సిన పని వేరే. కట్ట విప్పించి పట్టీల మధ్య తుప్పు గీయించడం. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ వంగాలి. తుప్పు పట్టి అతుక్కుంటే చిన్న గతుకులకి కట్ట అసలు కదలదు, బండి టైర్ల మీదే నడుస్తుంది. కుంగినా గట్టిగా కొడుతోందని వచ్చే బళ్ళలో సగం ఇవే. తుడిచి, గ్రాఫైట్ గ్రీసు పలచగా రాసి, పగుళ్ళున్న పట్టీని మార్చి తిరిగి బిగిస్తే తేడా తెలుస్తుంది. వంపు పోయినదాన్ని చల్లగా ఉండగానే సుత్తితో వంచవచ్చు, కాకపోతే కొన్నాళ్ళకి మళ్ళీ కొంత దిగుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి గాలికి ఆరబెట్టేచోట మాత్రం ఇవ్వకండి. బిర్రు అప్పుడూ మారదు గానీ, వంగిపోకుండా ఓర్చుకునే సత్తా పోతుంది. నూనెలో చల్లార్చి, తిరిగి తక్కువ వేడిలో పదును పెట్టే చోటయితేనే ఆ పని చేయించాలి.

షాక్ అబ్జార్బరు బరువు మోయదు. ఊపులోని శక్తిని ఆయిలు చేత సన్నరంధ్రాల గుండా తోయించి వేడిగా మార్చడమే దాని పని. చక్రానికీ ఇరుసుకీ కలిపి ఇంకో ఊపు ఉంది, సెకనుకి పది పదిహేను. కంకర రోడ్డు మీద 1.4 మీటర్లకొక గట్టు చొప్పున ఉంటే, గంటకి 60 కిలోమీటర్ల దగ్గర దాదాపు సెకనుకి 12 దెబ్బలు. అరిగిన షాకులతో అక్కడ చక్రం నేల మీద ఉండదు, గాల్లో ఉంటుంది. బ్రేకు తొక్కితే బండి పక్కకి జారేది అందుకే. బానెట్ నొక్కి వదిలి చూసే పరీక్ష దీన్ని పట్టలేదు. టైరు చుట్టూ చేయి తిప్పి గుంటలు గుంటలుగా అరిగిందేమో చూడాలి, షాకు ఒంటి మీద ఆయిల్ జారిన తడి చూడాలి. డబ్బు పెట్టి అప్‌గ్రేడ్ చేయదగ్గది ఏదైనా ఉంటే ఇదే. మామూలు షాకులో గబగబా ఊగేటప్పుడు ఆయిల్లో గాలి కలిసి నురగవుతుంది, నురగ రంధ్రంలోంచి సులువుగా జారిపోతుంది, అదుపు తగ్గుతుంది. నైట్రోజన్ ఒత్తిడితో నింపిన గ్యాస్ షాకుల్లో ఆ నురగ తక్కువ. చెడ్డ రోడ్డు మీద గంట నడిపాక ఆ తేడా తెలుస్తుంది.

బుష్‌ల దగ్గర రెండు దారులు. మామూలు రబ్బరు, లేదా పాలీయూరిథేన్. రెండోది డీజిలుకి ఉబ్బదు, ఎక్కువ కాలం వస్తుంది. కానీ అదురుని లోపలికి పంపిస్తుంది, గ్రీసు ఆరితే కిచకిచమంటుంది. ముందే గలగలలాడే డీజిల్ కారుకి నేనైతే రబ్బరే వేయిస్తాను. ఏది వేయించినా బిగింపు దగ్గర నిలబడండి. మెటల్ గొట్టాలకి అతికి ఉండే రబ్బరు బుష్ జారి తిరగదు, మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి కిందకి దిగగానే రబ్బరు ఆ మేరకి మెలిపడి, ఎప్పుడూ అదే తిప్పట్లో ఉండిపోతుంది. ఏడాదికి చిరుగుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీదకి దించి, బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. కింద పడుకుని బిగించడం కష్టం కాబట్టి ఎవరూ చెయ్యరు. మంచి కంపెనీ బుష్‌లు కూడా ఇలా పోతుంటాయి, నింద కంపెనీకి పడుతుంది.

పాత నైలాన్ టైర్లున్న బండికి రేడియల్ టైర్లు వేస్తే సగం మార్పు అక్కడే వస్తుంది. వెడల్పు, బరువు పెంచిన చక్రాలు వేస్తే ఆ లాభం పోతుంది. స్ప్రింగుకి కింద ఉన్న ప్రతి కిలోనూ అదుపు చేయాల్సింది షాకే కదా. కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. పదిహేనేళ్ళు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకి వెళ్ళినప్పుడు అధికారి కంట మొదట పడేది పెంచిన ఎత్తు, బయటికొచ్చిన చక్రాలే. అరిగినదాని స్థానంలో అదే రకం కొత్తది వేయించుకుంటే ఈ తలనొప్పి లేదు. ఢిల్లీ ప్రాంతంలో మాత్రం పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద 2015 నుంచి ఆంక్షలున్నాయి. అటు వైపు వెళ్ళే పని ఉంటే ముందు ఆ సంగతి కనుక్కోవాలి.

కమాను పని చేయించిన బండికి ఆఖరుగా ఒక పని మిగులుతుంది. గీకి గ్రీసు రాసిన పట్టీలు కొన్ని రోజుల్లో ఒకదాని మీద ఒకటి సర్దుకుని కట్ట పలచబడుతుంది, ఇరుసుని పట్టుకున్న యూ-బోల్టులు వదులవుతాయి. వదులైన యూ-బోల్టుతో నడిపితే నడిమి బోల్టు తెగి ఇరుసు పక్కకి జరుగుతుంది. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ షెడ్డుకి వెళ్ళి, రెండు పక్కలా నాలుగు యూ-బోల్టులూ బిగించుకుని, మొదట్లో రాసుకున్న నాలుగు ఎత్తుల పక్కనే కొత్త కొలతలు రాసుకోవాలి.